నెమ్మది మాస్టారి టర్బో కారు

మా బావ పాతికేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఊళ్ళో సగం మందికి బండి నడపడం నేర్పాడు. ఆ సగం మందిని చూసి పక్కకి తప్పుకోవడం మిగతా సగం మంది సొంతంగా నేర్చుకున్నారు. పక్కసీట్లో కూర్చుని, తన కాళ్ళ దగ్గర బిగించుకున్న రెండో బ్రేకు మీద కుడికాలు ఆనించి, రోజంతా "నెమ్మది, నెమ్మది" అంటుంటాడు. దాంతో అసలు పేరు పోయి నెమ్మది మాస్టారు అన్న పేరే ఖాయమైంది. అలాంటి మనిషికి యాభయ్యో ఏట రేసుకారు తయారు చెయ్యాలని బుద్ధి పుట్టింది. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టండి అన్నాడట వెనకటికొకడు. మా బావ రోకలికి బదులు టర్బో అడిగాడు.

టర్బో అంటే ఏమిటో ఇప్పుడు మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ఇంజిన్ వదిలే పొగని ఊరికే పోనివ్వకుండా, దానితోనే ఒక చిన్న చక్రాన్ని తిప్పించి, ఇంజిన్‌లోకి బలవంతంగా గాలి కూరే సరంజామా అది. కడుపు నిండినవాడి నోట్లో మరో నాలుగు ముద్దలు కుక్కడమన్నమాట. అరిగితే బలం, అరక్కపోతే గోవిందా.

"ఖరీదైన ఇంజిన్ పెట్టావనుకో, పోతుందేమోనని భయం," అని నాకు బోధించాడు బావ. "పాత బళ్ళు విప్పే యార్డులో దొరికే చౌక ఇంజిన్ అయితే, పోతే పోయింది, ఇంకోటి తెచ్చుకోవచ్చు. భయం లేనివాడేరా వేగంగా పోయేది!"

చెప్పేవాడికి వినేవాడు లోకువ. నేను తలూపాను.

యార్డుకి నన్ను కూడా లాక్కెళ్ళాడు. తుప్పు పట్టిన తలుపుల గుట్టలు దాటి, వెనక భాగం నుజ్జయిపోయిన ఒక సామాన్ల వ్యాను ముందు ఆగాడు.

"వెనక నుంచి దెబ్బ తిన్న బండి. ముందున్న ఇంజిన్ మాత్రం చెక్కుచెదరలేదు. అదీ చూడాల్సింది!" అన్నాడు.

"దాన్ని వెనక నుంచి గుద్దింది మీ దగ్గర నేర్చుకున్నాయనేనండి, మాస్టారూ," అన్నాడు యార్డు యజమాని.

బావ వినపడనట్టు ఆయిల్ మూత తీసి వాసన చూశాడు.

ఆ ఇంజిన్ తిన్నగా పెరటి షెడ్డులోకి చేరింది. అసలు ఆ షెడ్డు మా అక్క కుట్టుపనికని వేయించింది. అక్క మిషన్లు రెండూ వంటింటికీ స్నానాలగదికీ మధ్య సందులో ఉంటాయి. స్నానానికి వెళ్ళేవాళ్ళు వాటి మధ్య నుంచి పక్కవాటుగా నడవాలి. కొలతలివ్వడానికి వచ్చినావిడ ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడాలి. షెడ్డుకి పెద్ద కిటికీ ఉంది, మధ్యాహ్నం దాకా మంచి వెలుగు వస్తుంది. ఆ వెలుగులో బావ రెండేళ్ళపాటు పళ్ళు తోముకునే బ్రష్షుతో ఇంజిన్ తోముతూ కూర్చున్నాడు. ఇది అరిగిందని మార్చాడు, అది అరిగేలా ఉందని మార్చాడు. చివరికి చౌక ఇంజిన్ అన్న మాట తప్ప అందులో చౌకది ఏదీ మిగల్లేదు. పోతే పోయిందని తెచ్చినదాన్ని, పైన దుమ్ము పడితే దుప్పటి కప్పేదాకా వచ్చాడు. ఆఖరికి దానికి టర్బో తగిలించి, ఒక పాత కారులో బిగించాడు.

అక్క ఒకరోజు కత్తెర కింద పెట్టి తేల్చేసింది.

"రేసుకి వెళ్ళి రండి. ఇంజిన్ పోయిందా, షెడ్డు నాది. ఇంకో ఇంజిన్ గడప తొక్కకూడదు. పోలేదా, షెడ్డు మీదే. జన్మలో మళ్ళీ అడగను."

బావ ఒప్పుకున్నాడు. ఆ ధైర్యంలో అన్నం తింటూ ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"టర్బో ఇంజిన్ చెప్పకుండా చావదు. పోయే ముందు డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు టకటకమంటుంది. ఆ క్షణాన యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే బతుకుతుంది."

"మా మిషనూ అంతే. సూది విరిగే ముందు చప్పుడు మారుతుంది," అంది అక్క.

"అదీ ఇదీ ఒకటేనటే!" అని నవ్వాడు బావ.

వాడకంలో లేని విమానాల రన్‌వే ఒకటి ఉంది, నెలకో ఆదివారం అక్కడ మలుపులకి టైర్లు పేర్చి, కార్ల క్లబ్బు వాళ్ళు ఎవరి బండిని వాళ్ళు పరిగెత్తించుకుంటారు. ఒక ఆదివారం ముగ్గురం అక్కడికి వెళ్ళాం. బావ హెల్మెట్ పెట్టుకుని బయల్దేరాడు. టర్బో ఈల వేసింది, కారు ముందుకి దూకింది, వెంటనే వెనక ఎర్రలైట్లు వెలిగాయి. మళ్ళీ ఈల, మళ్ళీ ఎర్రలైట్లు. ఎదుట ఏది వేగంగా కదిలినా బ్రేకు తొక్కడం ఆ కాలికి పాతికేళ్ళ అలవాటు. అది ఇప్పుడు యజమానిని కూడా శిష్యుడి కింద జమకట్టింది. ట్రాకు ఊడ్చే బండి వెనక నుంచి హారన్ కొట్టి మరీ దాటిపోయింది. చుట్టు పూర్తయ్యేసరికి నాలుగు చక్రాల దగ్గరా పొగ.

"ఇంజిన్‌కి ఏమీ కాలేదు!" అన్నాడు దిగి. ఏమన్నా కావడానికి దాన్ని పని చెయ్యనిస్తే కదా! తర్వాత నా పక్కకొచ్చి, "కాలు నా మాట వినడం లేదురా," అన్నాడు మెల్లగా. నవ్వబోయి ఆయన మొహం చూసి మానుకున్నాను.

"అటు కూర్చోండి, నేను తిప్పుతాను," అంది అక్క.

ఆమెకి బండి నేర్పింది కూడా బావే. ఆయన శిష్యుల్లో ఆయన మాట వినని మొదటి మనిషి ఆమే. బ్రేకులు చల్లారాక స్టీరింగ్ ముందు కూర్చుని నన్నూ పిలిచింది.

"నువ్వూ ఎక్కరా తమ్ముడూ, వెనక కూర్చో. బరువుంటే ఇంజిన్‌కి భారం పెరుగుతుంది."

అప్పుడర్థమైంది నాకు, ఆవిడ షెడ్డు కోసం బయల్దేరిందని.

మూడు మలుపులు ఎలా తిరిగామో నాకు తెలియదు, కళ్ళు మూసుకున్నాను. బావ కుడికాలు లేని బ్రేకుని వెతుక్కుంటూ నేలని తొక్కుతూనే ఉంది. చివరి తిన్నని దారిలో అక్క కాలు అడుక్కంటా నొక్కి పట్టింది. టర్బో కేక పెట్టింది. ఆ కేక కింద నుంచి వినపడింది, టకటక, టకటక.

నేను విన్నాను. బావ విన్నాడు. నెమ్మది అనలేదు. దుప్పటి కప్పి పెంచుకున్నదాని చావు కోసం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క ఇంకో రెండు క్షణాలు అలాగే ఉంచితే చాలు, షెడ్డు ఆమెది, కిటికీ ఆమెది.

అక్క కాలు తీసేసింది.

చప్పుడు ఆగింది. కారు మామూలుగా దొర్లి ఆగింది. నాకు అక్క మీద పట్టరాని కోపం వచ్చింది, అంతకు మించి గర్వమూ వచ్చింది.

"గెలిచారు, షెడ్డు మీదే," అంటూ కారు తాళం బావ చేతిలో పెట్టి దిగిపోయింది.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి షెడ్డులోని సామానంతా పెరట్లో ఉంది. బావ అప్పటికే మిషన్లు రెండూ లోపలికి మోసుకొచ్చాడు. నేల తుడిచిన తడి ఇంకా ఆరలేదు. అక్క గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"ఇంజిన్ పోలేదు కదండీ. మాట మాటే," అంది.

"ఆ చప్పుడు నేనూ విన్నాను," అన్నాడు బావ.

అక్క కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వచ్చింది.

"ఆ మిషను ఇంకాస్త కిటికీ వైపు జరపండి," అంది.

బావ వంగి నెట్టాడు.

"నెమ్మది, నెమ్మది," అంది అక్క.