ఆదివారం చీటీ

మా కోచ్‌కి దేవుడి మీద ఎంత నమ్మకమో అబద్ధం మీద అంత కోపం. జార్జియాలో చిన్న కాలేజీ మాది. ఎనభైల మొదట్లో అక్కడ ఫుట్‌బాల్ ఆడాను. ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన ఆట కాదు. కోలగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని ఒకడి మీద ఒకడు పడే ఆట. అందులో బంతిని కాలితో తన్నే పని మా టీమ్‌లో ఒక్కడిదే, ఆ ఒక్కడూ నేనే. పదేళ్ళప్పుడు అమ్మానాన్నలతో ఆ దేశం వచ్చాను. స్కూల్లో అన్నేళ్ళు నా పేరుని ఖూనీ చేశారు. అది సరిగ్గా వినపడింది మొదటిసారి ఆ స్టేడియం మైకులోనే. అందుకే ఆ జెర్సీ అంటే నాకు ప్రాణం.

కోచ్‌కి అరవై దగ్గర పడుతున్నాయి. బాప్టిస్టు క్రైస్తవుడు. ఒక మోకాలికి ఆపరేషన్ అయింది, అయినా ప్రతి మ్యాచ్‌కి ముందు మోకరిల్లేవాడు. గెలిపించమని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అలా అడగడం సిగ్గుచేటనేవాడు. ఆయన రూల్స్ రెండే. ఆదివారం ప్రతివాడూ తన దేవుడి దగ్గరికి వెళ్ళి, అక్కడి పెద్ద చేత చీటీ మీద సంతకం పెట్టించుకుని సోమవారం ఇవ్వాలి. వెళ్ళకపోతే మర్నాడు పొద్దున స్టేడియం మెట్లు అడుగు నుంచి కొస దాకా ఇరవైసార్లు ఎక్కి దిగాలి. అంతకుమించి ఒక్క మాట అనేవాడు కాదు. రెండోది అబద్ధం. చెప్పినవాడు జెర్సీ ఆయన బల్ల మీద పెట్టి వెళ్ళిపోవడమే.

చేరిన కొత్తలో తప్పించుకోవచ్చనుకుని, "నేను హిందువుని కోచ్, ఇక్కడెక్కడా గుడి లేదు" అన్నాను.

"మీ ఇంట్లో పూజ ఎవరు చేస్తారు?"

"మా అమ్మ."

"అయితే మీ అమ్మే నీ పాస్టర్. ఆవిడ సంతకం తీసుకురా."

చచ్చాన్రా బాబూ అనుకున్నాను. మా అమ్మ సంగతి ఆయనకేం తెలుసు! మా ఇల్లు కాలేజీకి నలభై మైళ్ళు. దుప్పట్లు పెట్టుకునే అలమర ఖాళీ చేసి అందులో దేవుళ్ళని పెట్టుకుంది అమ్మ. నేను హారతి టైముకి అక్కడ కూర్చుని ఉండాలి. ఒకసారి మూడు నిమిషాలు లేటైతే చీటీ నా మొహాన కొట్టింది. "హారతయ్యాక వచ్చి సంతకం కావాలిట, మొహం చూడు! పోయి మెట్లెక్కు" అంది. ఎక్కాను. ఒకరినొకరు ఎప్పుడూ చూడని ఆ ఇద్దరూ నామీద కూడబలుక్కున్నారేమో అనిపించేది.

మూడో ఏడు అక్టోబరులో ఒక ఆదివారం నిద్రపోయాను. పెద్ద కారణమేమీ లేదు. బద్ధకం. లేచేసరికి పదిన్నర. సోమవారం పొద్దున అమ్మ సంతకం నేనే పెట్టేశాను. రెండేళ్ళుగా చూస్తున్న తెలుగు సంతకం, చెయ్యి దానంతటదే తిరిగింది. కేవలం ఆ మెట్లు తప్పించుకోవడానికి! ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ మధ్యాహ్నం కోచ్ నన్ను ఆఫీస్‌కి పిలిచాడు. చీటీ ఆయన ముందుంది.

"నిన్న పొద్దున నీ కారు హాస్టల్ ముందే ఉందని అసిస్టెంట్ కోచ్ అంటున్నాడు. ఇంటికి వెళ్ళావా?"

"వెళ్ళాను కోచ్. ఫ్రెండ్ డ్రాప్ చేశాడు."

ఒకటి చాలనట్టు రెండోది. ఆయన ఫోన్ దగ్గరికి లాక్కున్నాడు. "నిన్ను మళ్ళీ అడగను, మీ అమ్మని అడుగుతాను" అని నా ఫైల్లో నంబరు చూసి డయల్ చేశాడు. నాకు పైప్రాణాలు పైనే పోయాయి.

"మ్యామ్, నేను మీ అబ్బాయి కోచ్‌ని. మీ ఇంట్లో దేవుడున్నాడు, మీరు నాతో అబద్ధం చెప్పరు. అందుకే అడుగుతున్నాను. నిన్న మీ అబ్బాయి పూజకి వచ్చాడా?"

అవతలి మాట నాకు వినపడదు. ఆయన రిసీవర్ చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. అమ్మకి అప్పటికే అంతా అర్థమైపోయి ఉంటుంది. వచ్చాడని చెప్పమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఈ ఒక్కసారికి చెప్పమ్మా అని లోపల వేడుకున్నాను. నా జన్మలో ఏ దేవుడికీ అంత శ్రద్ధగా మొక్కలేదు.

"థాంక్యూ, మ్యామ్" అని ఫోన్ పెట్టేశాడు. లేచి బల్ల ఇవతలికొచ్చి చెయ్యి చాచాడు. "నిన్ను అనుమానించాను. నన్ను క్షమించు."

"పర్లేదు కోచ్" అన్నాను. పర్లేదుట! ఏ నోటితో అన్నానో.

అంతటితో అయిపోయిందనుకున్నాను. మంగళవారం పొద్దున ప్రాక్టీసుకి అందరం చేరాక కోచ్ టోపీ తీసి, "మీలో ఒకడి మీద తప్పుడు నింద వేశాను. మీకున్న శిక్షే నాకూ" అని మెట్ల వైపు నడిచాడు. మొదట ఎవరికీ అర్థం కాలేదు. ఆయన ఎక్కడం మొదలుపెట్టాడు. ఆరోసారికి రెయిలింగ్ పట్టుకున్నాడు. పదోసారికి ఆపరేషన్ కాలు వంగడం మానేసింది, దాన్ని పక్కకి ఈడ్చుకుంటూ ఎక్కుతున్నాడు. నా పక్కనున్న ఆజానుబాహువు, ఆటలో ఎదటివాళ్ళని గుద్ది పడేసేవాడు, "ఎవరైనా ఆపండి" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆపగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఒక్క వాక్యం చాలు. ఇరవయ్యీ లెక్కపెట్టాను.

మధ్యాహ్నం హాస్టల్ నుంచి అమ్మకి ఫోన్ చేశాను. థాంక్స్ చెబుదామని చేశాను, అదీ నా తెలివి. కోచ్ మెట్లెక్కిన సంగతి కూడా చెప్పాను.

"ఎన్నిసార్లు ఎక్కాడు?" అంది.

"ఇరవై."

"కాలు బాగాలేదన్నావు కదరా?"

"వాచిపోయింది. కుంటుతున్నాడు."

"నీ మీద ప్రేమతో చెప్పాననుకుంటున్నావేమో. మీరు అబద్ధం చెప్పరు మ్యామ్ అన్నాడురా ఆయన. ఆ మాట వినగానే, నా కొడుకు అబద్ధాలకోరని చెప్పుకోలేక సిగ్గుతో చచ్చిపోయి, నీ సంగతి కప్పెట్టేశాను. నిన్నటి నుంచి ఆ అలమర తలుపు తియ్యలేదు" అని పెట్టేసింది.

బుధవారం పొద్దున మా కారు స్టేడియం గేటు దగ్గర ఆగింది. అమ్మ డ్రైవింగ్ నేర్చుకుని ఏడాది కూడా కాలేదు. హైవే ఎక్కడమంటే హడల్. అలాంటిది, ఒక్కతే నలభై మైళ్ళు డ్రైవ్ చేసుకుంటూ వచ్చింది. నూలుచీర, పైన స్వెటర్, కాళ్ళకి నా పాత టెన్నిస్ బూట్లు. నావంక చూడకుండా నేరుగా గ్రౌండ్‌లోకి నడిచి కోచ్ ముందు నిలబడింది.

"కోచ్, ఐ టోల్డ్ యూ ఎ లై. మై సన్ డిడ్ నాట్ కమ్."

టీమ్‌లో అరవై మందీ ఎక్కడివాళ్ళు అక్కడ ఆగిపోయారు. కోచ్ టోపీ తీశాడు. ముందు నావైపు, తర్వాత అమ్మవైపు చూశాడు. వచ్చి చెప్పినందుకు థాంక్స్ అన్నాడు. అమ్మ మెట్ల వైపు చెయ్యి చూపించింది.

"మ్యామ్, ఆ రూల్ మీకు కాదు."

తనకొచ్చిన ఇంగ్లీషులో అమ్మ చెప్పింది. "మీరు అనుమానించింది నిజమే కదా. మరి నిన్న మీరెందుకు ఎక్కారు? ఆ మెట్లు నావి."

అమ్మ కొంగు నడుముకి దోపి మొదటి మెట్టెక్కింది. నేను పరిగెత్తాను.

"అమ్మా, వద్దమ్మా. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"నేనూ వస్తాను, ఆగు."

"నీవి నువ్వు తర్వాత ఎక్కు. ముందిక్కణ్ణుంచి పో."

గంట పైనే పట్టింది. తొమ్మిదోసారి మధ్యలో కూర్చుండిపోయింది. కోచ్ కుంటుకుంటూ వెళ్ళి మంచినీళ్ళిచ్చాడు, ఇక చాలన్నాడు. నీళ్ళు తాగి లేచింది. ఆ పొద్దున ఎవడూ ప్రాక్టీసు చెయ్యలేదు, ఎవడూ కూర్చోలేదు. గ్రౌండ్ మధ్యలో జెర్సీ విప్పేశాను. ఎవరూ విప్పమనలేదు.

మర్నాడు జెర్సీ బల్ల మీద పెట్టడానికి వెళితే, కోచ్ నన్ను కూర్చోమన్నాడు. ఈ ఏడాదికి టీమ్‌లో నువ్వు లేవు, అందులో మార్పు లేదన్నాడు. తర్వాత ఒక్కటే అడిగాడు. "మీ అమ్మ రాకపోయుంటే నువ్వు చెప్పేవాడివా?"

"చెప్పేవాణ్ణి కోచ్. నిన్న పొద్దున చెబుదామనే వచ్చాను. అంతలో అమ్మ వచ్చేసింది."

ఆయన కళ్ళు చెమర్చాయి. నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. వచ్చే ఏడు మళ్ళీ రమ్మన్నాడు. వెళ్ళాను. ఆఖరి ఏడాది మొత్తం ఆడాను. అమ్మ ప్రతి మ్యాచ్‌కీ వచ్చి కోచ్ భార్య పక్కన కూర్చునేది. ఆ బుధవారం పొద్దున నేను చెబుదామని రాలేదు. బంతి తన్నడానికి వచ్చాను.