మిగిలిన మందు

"అవ్వా, బియ్యం గదిలో మందు కొట్టినావా?"

"యాడ కొట్టినానమ్మా? ఫినాయిల్ వాసన అది. పొద్దున బండలు కడిగినా కదా."

"బొద్దింకలకు మందు వద్దని నెల కిందటే చెప్పినా. బియ్యం ఎండబెట్టు, డబ్బాల్లో పోసి మూత బిగించు, తలుపు కింద సందు మూయి, ఎంగిలి మెతుకులు కొళాయి కాడ వదలొద్దు అన్నా. ఒక్కటన్నా చేసినావా?"

"ఎండబెట్టేకి మనిషి యాడుండాది? నేనే వండల్ల, నేనే తోమల్ల. పురుగంటే మందుకే చస్తాది. ముప్పై ఏండ్లు చేన్లో కొట్టినా, నాకేమైంది?"

"నీకేం కాదులే, నువ్వు బండరాయి. పిల్లోళ్ళు రాళ్ళు కాదు కదవ్వా."

"బండరాయేనా ఇన్నాళ్ళు మీకు అన్నం వండింది?"

టీచరమ్మకు నవ్వొచ్చింది. ఆమె మా ఊరి బడికి పెద్ద టీచరు. రోజూ ధర్మవరం నుంచి బస్సులో వస్తుంది. నేను ఆ బడిలో మధ్యాహ్నం అన్నం వండేదాన్ని. "సరేలే, కొట్లేదంటే కొట్లేదు. నీ మాట నమ్ముతా" అని సంచీ భుజాన వేసుకుని బస్సుకు పోయింది.

నేను కొట్టాను. ఆ మధ్యాహ్నమే, పిల్లలు తిని తరగతుల్లోకి పోయాక.

ఆ మందు శనక్కాయ చేనుకు తెచ్చింది. ఆ ఏడు వాన రాలేదు. పురుగు పట్టేలోగా చేనే ఎండిపోయింది, మందు మిగిలింది. డబ్బా మూత పగిలితే కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇంటి చూరులో దోపాను. డబ్బా మీద ఎర్రగుర్తు ఉండేది, సీసా మీద ఏమీ లేదు. ఎంత కలపాలో డబ్బా మీద రాసి ఉన్నా రెండో తరగతి చదువుతో నేను చదవలేకపోయాను. ఏ వస్తువూ పారేయడం నాకు చేతకాదు. ఆ సీసానే బడికి తెచ్చి, బకెట్లో కలిపి, వేపమండ ముంచి మూలమూలకూ చల్లాను. బొద్దింకలు వెల్లకిలా పడ్డాయి. సంతోషంగా తల ఎత్తి చూస్తే రెండు బియ్యం బస్తాలు తడిసి ఉన్నాయి. మిగతా వాటి మీద ఎంత పడిందో తెలియలేదు.

కడిగితే పోతుందేమో ఎవరినైనా అడగాలి. అడగాలంటే చెప్పాలి. చెబితే వంట పని పోతుంది. రెండేళ్ళుగా చేను ఏమీ ఇవ్వలేదు, ఇంట్లో పొయ్యి ఆ పనితోనే వెలుగుతోంది. చెప్పకపోతే రేపు ఆ బియ్యమే వండాలి. వేరే బియ్యం లేవు.

సాయంత్రం నా మనవరాలు పలక బల్ల మీద పెట్టి వచ్చి కూర్చుంది. ఆ బడిలోనే మూడో తరగతి.

"అవ్వా, రేపు గుడ్డు కదా?"

"రేపు నువ్వు అన్నానికి ఇంటికి రా. సంగటి చేసి పెట్టిపోతా."

"ఆడ వండేది నువ్వే కదా!"

"చెప్పింది చెయ్యి."

"అందరూ ఆడ తింటే నేనొక్కదాన్నే ఇంటికి రావల్నా? నేనేం తప్పు చేసినా అవ్వా?"

ఎప్పుడూ నా నోటికి ఎదురు లేదంటారు ఊళ్ళో. ఆ నోటితోనే పిల్లను కసిరాను. అది ఏడుస్తూ పడుకుంది. తక్కిన పిల్లల పేర్లన్నీ నాకు తెలుసు. ఎవరికి కారం పడదో, ఎవరు రెండోసారి అడగడానికి సిగ్గుపడతారో తెలుసు.

మరునాడు పొద్దున బస్సు ఆగేచోట నిలబడ్డాను. టీచరమ్మ దిగగానే చెప్పాను.

"నిన్న కొట్టింది వంటకు ముందా, వెనకా?"

"వెనకేనమ్మా. ఆ బియ్యం ఎవురూ తినలేదు."

ఆమె అరవలేదు. ఏ మందని అడిగింది. సీసా చూపించాను. బడికి పోయి బియ్యం గదికి తాళం వేయించింది, ఎవరెవరికో ఫోన్లు చేసింది. ఆ రోజు బడిలో పొయ్యి వెలగలేదు. మధ్యాహ్నం పిల్లలందరూ ఇళ్ళకు పోయి తిన్నారు, నా మనవరాలు కూడా. బస్తాలు బండిలో ఎత్తుకుపోయారు. వంట పని ఇంకొకామెకు ఇచ్చారు.

బియ్యం గది తాళంచెవి ఆమెకు ఇచ్చే ముందు, తలుపు కింద సందుకు సిమెంటు నేనే పూశాను.