ఫేబీ పెళ్ళి సీడీ, జయశీల ప్లాస్టరు

ఫేబీ పెళ్ళి సీడీని పావురాలను బెదరగొట్టడానికి జయశీల బాల్కనీలో వేలాడదీసిందని మయూర్ విహార్ తెలుగు సంఘంలో చెప్పుకుంటున్నారు. అందులో సగమే నిజం. బాల్కనీలో సీడీలు వేలాడుతున్న మాట నిజం, పావురాలు వాటిని లెక్కచేయడం లేదన్నదీ నిజం. కానీ వాటిలో ఫేబీది లేదు. ఎదురు ఫ్లాటు కమల కళ్ళజోడు పెట్టుకోకుండా చూసి, ఆదివారం ఆరాధన అయ్యాక టీ దగ్గర ఒకరి చెవిన వేసింది. టీ చల్లారేలోపు అది అందరి చెవినా పడింది.

జయశీలది నరసాపురం. ఢిల్లీ వచ్చి ఓ పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఆసుపత్రి ఆమెను వదిలింది గాని, ఆసుపత్రి అలవాటు ఆమెను వదల్లేదు. సెలైన్ సూది కదలకుండా వేసే తెల్ల ప్లాస్టరు ముక్క చించి, దాని మీద పేరు రాసి, కంటబడిన ప్రతిదానికీ అంటిస్తుంది. కారం డబ్బా, గొడుగు, చివరికి అల్లుడి హెల్మెట్టు కూడా తప్పించుకోలేదు.

సంఘంలో సగం మంది నర్సులే. పెళ్ళి ఉందంటే వార్డు ఊరుకుంటుందా? డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ళ కోసం ఆ రోజుల్లో పెళ్ళి సీడీ ఇల్లిల్లూ తిరిగేది. నైట్ డ్యూటీ వాళ్ళు పొద్దున చూసి, పగటి డ్యూటీ వాళ్ళకు సాయంత్రం అందించేవారు. ఒకరిది ఒకరింట్లో కలిసిపోకుండా జయశీల ప్రతి సీడీ నెత్తినా ప్లాస్టరు వేసి పేరు రాసింది. ఫేబీ పెళ్ళి సీడీ అలా తిరిగి తిరిగి చివరికి జయశీల బీరువాలో ఆగింది. అడిగినవాళ్ళూ లేరు, ఇచ్చినవాళ్ళూ లేరు.

ఇప్పుడు అడిగారు. ఫేబీ తండ్రి ఎడ్వర్డ్ పోయిన ఏడు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. క్వయర్ మాస్టరుగా సంఘమంతటి చేతా పాడించిన మనిషి, తాను ఒంటరిగా గొంతు విప్పింది మాత్రం కూతురి పెళ్ళిలో ఒక్కసారే. ఫేబీ దగ్గరున్న సీడీ గ్రేటర్ నోయిడాకి ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది. తండ్రి పాట ఇంకా ఎక్కడైనా ఉంటే జయశీల దగ్గరే ఉండాలి. ఫేబీ ఫోన్ చేసినప్పుడల్లా జయశీల "వెతుకుతున్నానమ్మా" అంటూ వచ్చింది.

వెతకడానికేముంది, మొదటిరోజే దొరికింది. దాని మీద ప్లాస్టరు ఎండి బిగుసుకుపోయి ఉంది. పరాయివాళ్ళ వస్తువు మీద చెయ్యి వేసే ముందు తనదాని మీద చూద్దామని, కూతురు షెరిన్ బాప్తిస్మం సీడీకి ఉన్న ప్లాస్టరు పీకింది. ప్లాస్టరుతోపాటు వెండిపూతా ఊడొచ్చింది. సీడీలోంచి అవతలి గోడ కనబడింది. ఇంకోదానికి స్పిరిటు రాసి నానబెట్టింది. అది మసకబారి కూర్చుంది. కొత్త ప్లాస్టరు మీద మళ్ళీ పేర్లు రాయించుకుని రెండూ బాల్కనీకి ఎక్కాయి.

రఘునందన్ అని ఓ కుర్రాడు శనివారం సాయంత్రాలు ఫోన్లూ కంప్యూటర్లూ విప్పి చూపిస్తూ లైవ్ వీడియో పెడతాడు. చూసేవాళ్ళు కింద రాసుకుంటూ ఒకరినొకరు ఏడిపించుకుంటుంటారు. జయశీల అక్కడికి వెళ్ళి, పేరూ ఊరూ ఉద్యోగమూ రాసి మరీ అడిగింది: సీడీ మీది ప్లాస్టరు ఎలా తీయాలి బాబూ?

"సీడీయా ఆంటీ? మా ఇంట్లో దాని మీద టీ గ్లాసు పెడతాం" అని నాని అనేవాడు రాశాడు.

ఇంకెవరో అందుకున్నారు. "ఆ పేషెంటు ఎప్పుడో పోయాడు ఆంటీ. ఇప్పుడు కట్టు విప్పి ఏం లాభం?"

"పోయాడని డాక్టరు చెప్పాలి బాబూ, చూడటానికొచ్చినవాళ్ళు కాదు" అని జయశీల రాసింది.

రఘునందన్ అది చదివి నవ్వాపుకోలేకపోయాడు. ఆ పూట నుంచి ఆమె అందరికీ సిస్టర్ గారైంది. నాని మాత్రం వదల్లేదు.

"మాకు దాచుకునే గోలే లేదు సిస్టర్ గారూ. నెలనెలా కడతాం, కావలసింది చూస్తాం."

"కట్టడం మానేస్తే?"

"అన్నీ పోతాయి."

"నాది ప్లాస్టరు వేసుకునైనా ఇంట్లోనే ఉంది నాయనా."

ఆ అల్లరి మధ్యలో శ్రుతి అనే అమ్మాయి ఒక్కతే పనికొచ్చే మాట రాసింది. "పీకకండి సిస్టర్ గారూ. ఆ సీడీల్లో అసలు సరుకు పైపూత కిందే ఉంటుంది. ప్లాస్టరు ఒకపక్కే ఉంటే తిరిగేటప్పుడు వణుకుతుంది. దానికి ఎదురుగా అంతే ముక్క అంటించి చూడండి."

జయశీల తన రిటైర్మెంటు సభ సీడీ తీసింది. ఎదురుగా అంతే ముక్క వేసి పాత ప్లేయర్లో పెట్టింది. ఆడింది. మెడలో దండతో తనను తాను చూసుకుని, మెట్రన్ మాట్లాడిన నాలుగు మంచి ముక్కలూ విని, మళ్ళీ విందామని రెండోసారి నొక్కింది. గరగరమని ఆగిపోయింది. మూడోసారీ అంతే. అది కూడా బాల్కనీకి ఎక్కింది. ఫేబీ సీడీకి రెండో ముక్క అంటించి, గుడ్డలో చుట్టి, మళ్ళీ బీరువాలో పెట్టేసింది.

కమల మోసిన మాట గ్రేటర్ నోయిడా దాకా పోయింది. తర్వాతి ఆదివారం ఫేబీ వచ్చి, చెప్పులు విప్పి, నేరుగా బాల్కనీలోకి నడిచింది. ఒక్కొక్క సీడీనీ తిప్పి పేరు చదివింది.

"వీటిలో మాది లేదు ఆంటీ."

"లేదమ్మా, అన్నీ మావే. కూర్చో, టీ పెడతాను."

"టీ వద్దు. మా నాన్న పాట మీ దగ్గర ఉందా, లేదా? సీధా చెప్పండి. వెతుకుతున్నానని మాత్రం అనొద్దు, ప్లీజ్."

జయశీల బీరువా తీసి, గుడ్డలో చుట్టిన సీడీ తెచ్చి ఫేబీ చేతిలో పెట్టింది.

"ఉందమ్మా. మొదట్నుంచీ ఉంది. ప్లాస్టరు వేసి పాడుచేసింది నేనేనని చెప్పడానికి నోరు రాలేదు, అదొకటి. రెండోది, అది ఒక్కసారే ఆడుతుందేమో. ఆ ఒక్కసారీ నేనే వినేస్తే నీకేం మిగులుతుంది? అందుకే ఇప్పటిదాకా పెట్టలేదు. ఫోన్‌లో రికార్డింగు పెట్టుకో, ప్లేయరు నువ్వే నొక్కు."