జాడి అడుగున పదును

మొన్న మా చిన్నకోడలు బెంగుళూరు నుంచి ఫోనుకు అయిదు బొమ్మలు పంపించింది. అన్నీ కత్తులకు పదును పెట్టే సామాన్లే. ఒకటి కరెంటుతో తిరిగేది, ఒకటి ఇనుప కడ్డీ, ఒకటి రెండు సందుల మధ్య కత్తిని లాగేది. "అత్తా, కొత్తగా నేర్చేవాళ్ళకు వీటిలో ఏది సులువు?" అని అడిగింది. టమాటాలు కోసేదానికి ఇంత ఆర్భాటమా అని నవ్వుకున్నాను గానీ, జవాబు పంపకుండా అట్లే వాకిట్లో కూర్చుండిపోయినాను. పందొమ్మిదో ఏట ఇదే ప్రశ్న నాకూ ఎదురైంది, నేను తప్పుదారి ఎంచుకున్నందుకు ఒక మామిడిమాను వంశమే అంతరించిపోబోయింది.

అరవైలు ముగిసి డెబ్బైలు మొదలైన రోజులవి. మేముండేది తమిళనాడులో, ధర్మపురి దగ్గర వెల్లిచందైలో. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, కాపురానికి వచ్చిన ఏడు తిని పారేసిన టెంక మొలిచి, మా చేని గట్టున పెద్ద మానైంది. పేరు లేని జాతి, పిడికిలంత పండు, నోట్లో పెట్టుకుంటే ముందు తేనె, మింగినాక ఎప్పటికో వెనకనించి సన్నటి పులుపు. నేను పొద్దున తింటే నాకు పులుపు మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నప్పుడు వచ్చేదంటే మా ఇంట్లో ఇప్పటికీ నమ్మరు. భాగాలు పంచుకున్నప్పుడు ఆ గట్టు మా తాత తమ్ముడికి, చిన్నతాతకు పోయింది. కొత్త ఇంటి తలుపులకు చెక్క కావాలని, దీపావళి దాటగానే మాను కొట్టిస్తానన్నాడాయన. అవ్వ పోట్లాడలేదు.

"మాను నీది మరిదీ, రుచి నాది. ఒక్క అంటు కట్టుకోనీ" అనింది, అంతే.

టెంక నాటితే ఏ రుచి వస్తుందో దేవుడికే తెలుసు, అదే రుచి కావాలంటే అంటు కట్టాల్సిందే. పెరియంపట్టి తోటల్లో ఆ పనే చేసే మా మేనమామ, ఆడి మాసంలో, అంటే ఆషాఢంలో, ఒక పూట వచ్చి నాకు నేర్పించినాడు. మామిడి మొలకల కుండీలను ఉట్లలాగా తాళ్ళతో కొమ్మలకు వేలాడగట్టేది, మొలక కాండాన్నీ మాను రెమ్మనూ బొటనవేలంత పొడవున పలచగా చెక్కేది, రెండు గాయాలనూ కలిపి అరటినారతో కట్టి పేడమట్టి పూసేది. రెండున్నర నెలలు నీళ్ళు పోస్తే రెండూ ఒకటవుతాయి. తన పాత చాకు నా చేతిలో పెట్టి, నలిగిన గాయం అతుక్కోదు, పదును ముఖ్యమని చెప్పి బస్సెక్కి పోయినాడు. ఆ పదును ఎట్లా పెట్టాలో చెప్పడం మాత్రం మరిచిపోయినాడు.

చాకు నూరేదానికి బావి దగ్గర బట్టలుతికే రాయి ఉంది, కానీ అది నా కంటికి ఆనలేదు. ధర్మపురి సంతలో కాలితో చక్రం తొక్కి సాన పట్టేవాడు కనపడినాడు. రవ్వలు చూసి మతిపోయి చాకు ఇచ్చేసినాను. ఆ రవ్వలకు చుట్టూ ఉన్న ముగ్గురి బీడీలు అంటుకున్నాయంటే మీరు నమ్మరు, అందుకని ఇద్దరివని చెప్తాను. చాకు తళతళలాడింది గానీ అంచు కాలి నీలంగా మారిందనీ, కాలిన అంచు మెత్తబడుతుందనీ నాకేం తెలుసు? మొదటి అంటుకే మొద్దుబారింది. అట్లే ఎనిమిది మొలకల్లో అయిదింటికి అంట్లు కట్టినాను. మూడు వారాలకు అవ్వ కట్లు విప్పింది. గాయాలన్నీ నల్లగా, మొలక దారి మొలకది, మాను దారి మానుది.

అవ్వ తిట్టలేదు. ఏడాది ఊరగాయ కుండలోకి వంచేసి, పింగాణి జాడిని కడిగి తడిగుడ్డ మీద బోర్లించింది. జాడి ఒళ్ళంతా నునుపే, అడుగున గుండ్రంగా తిరిగే అంచు మాత్రం పూత లేక గరుకుగా ఉంటుంది. చాకు వెన్నును రెండు అగ్గిపుల్లల మందాన ఎత్తి, ఆ గరుకు అంచు మీద ఆడించమనింది.

"తోసేది కాదే, నిమిరేది. నిద్రపోయే బిడ్డ తల నిమిరినట్ల."

ఆ మధ్యాహ్నమంతా నిమిరినాను. తూనీగ రెక్కలాంటి చప్పుడు. సాయంత్రానికి ఆకును తాకిస్తే, తెగిన సంగతి ఆకుకే తెలీలేదు. మిగిలిన మూడు మొలకలకూ అంట్లు కట్టినాను.

అంట్లు అతికేదానికి దీపావళి దాటి ఇంకొక నెల కావాల. అందుకని చిన్నతాత దగ్గరకు పోయి, ఈ మాను సంగతి విని ఒక పెద్ద ఆఫీసరు వస్తున్నాడనీ, మాను కింద మిమ్మల్ని నిలబెట్టి ఫోటో తీస్తాడనీ చెప్పినాను. ఆయన రోజూ చలవపంచె కట్టుకొని మాను కింద కూర్చున్నాడు. నెల గడిచినా ఆఫీసరు రాలేదు, రావాలంటే ముందు పుట్టి ఉండాల కదా. ఊరికే కూర్చోలేక చిన్నతాతే నా కుండీలకు నీళ్ళు పోసేవాడు. మంచులో, తెల్ల పంచెలో, వేలాడే కుండీల మధ్య తిరిగే ఆయన రూపం ఇప్పటికీ కలలోకి వస్తుంది.

మూడింటిలో ఒక్కటే అతుక్కుంది. దాన్ని మాను నుంచి కోసిన రోజు చిన్నతాతే కుండీ దించి అవ్వ చేతుల్లో పెట్టినాడు.

"తీసుకో వదినా. ఆ పాపకు చెప్పు, ఈసారి అబద్ధమాడితే ఆఫీసరుకు ఒక పేరన్నా పెట్టమను."

మరుసటి వారం మాను కొట్టించినాడు. గొడ్డలి పడేటప్పుడు మాత్రం అటు తిరిగి నిలబడినాడు.

ఆ అంటు నాటిన నాలుగో ఏడు మొదటి పండు పండింది. అవ్వ చిన్న ముక్క నోట్లో పెట్టుకొని కళ్ళు మూసుకుంది. మింగి, వెనకనించి రావాల్సిన పులుపు కోసం కాచుకుంది. చివరికి బోసినవ్వు నవ్వి, "వచ్చింది" అనింది.

కోడలికి జవాబుగా ఆ జాడిని బోర్లించి బొమ్మ తీసి పంపించినాను. ఇప్పుడు అంట్లు ప్లాస్టిక్ పందిళ్ళలో వేలకు వేలు పుడుతున్నాయి, తల్లిమానుకు కుండీలు వేలాడగట్టేవాళ్ళు లేరు. మా అంటు మాత్రం ముసలిదై ఇంకా కాస్తానే ఉంది. మనవళ్ళు దానికి అరవంలో ఏదో ముద్దుపేరు పెట్టుకున్నారు. అవ్వ లేదు, చిన్నతాత లేడు. ఆ మొదటి మాను పండు తిన్నవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలినాను. ఇదే ఆ రుచి అని సాక్ష్యం చెప్పేదానికి మిగిలిన నాలుక ఇదొక్కటే, అదీ అబద్ధాలకు పేరుపడిన నాలుక.