అమ్మ మసిగుడ్డ... నాన్న పికప్ బండి

మా చిన్నప్పుడు... ఢిల్లీ మునిర్కాలో మా గది కింద, సందులో నాన్న పికప్ బండి ఆగి ఉండేది. నీలం రంగుది, తొట్టి నిండా సొట్టలే. పొద్దున్నే అది స్టార్టయితే పైన మా వంటింట్లో గిన్నెలన్నీ కలిసి గలగలమనేవి. మా ఇంట్లో ఎవరికీ అలారం అవసరం ఉండేది కాదు...

బదిలీ అయిన తెలుగు ఆఫీసర్ల ఇంటి సామాన్లు, అశోకా రోడ్ వైపు భోజన హోటళ్ళకు బియ్యం బస్తాలు... అన్నీ ఆ బండి మీదే. మా ఇల్లు గడిచేదీ దాని మీదే.

ఒక ఎండాకాలం దాని ఇంజన్ పట్టేసింది. సందు చివర షెడ్డులో మెకానిక్ ఉండేవాడు, అందరూ ఉస్తాద్ అనేవారు. విప్పి చూసి, "ఇస్‌మే కుఛ్ నహీ బచా, భాయీసాబ్" అని పెదవి విరిచాడు. ఇక బాగు చేసి లాభం లేదు, వేరే ఇంజన్ ఎక్కించాల్సిందే.

ఆ పూట నాన్న అన్నం కలుపుకుంటూ, "బండి లేవకపోతే ఒంగోలు వెళ్ళిపోదామే. ఇక్కడ ఒకరి బండి తోలుకుంటా నేను బతకలేను" అన్నాడు అమ్మతో.

నాకు గుండె ఆగినంత పనైంది. అమ్మ తెలుగులో తిడితే హిందీలో జవాబు చెప్పే రకాన్ని నేను. తెలుగు అక్షరాలు ఒక్కటీ రావు. ఆ ఊరి బడిలో నన్ను ఎక్కడ కూర్చోబెడతారు? నా నేస్తం పింకీ లేకుండా టిఫిన్ డబ్బా ఎవరితో మార్చుకోను? బండి లేస్తుందా లేవదా... అప్పట్లో నా లోకమంతా అదే.

పక్క సందులో సర్దార్జీ అంకుల్‌కి అచ్చం అలాంటి బండే ఉండేది. చూపు తగ్గి ఆయన నడపడం మానేశారు. బండి ఒంటిని తుప్పు తినేసింది గానీ ఇంజన్ మాత్రం నిక్షేపంలా ఉంది. రోజూ కాసేపు స్టార్ట్ చేసుకుని, పక్కనే నులకమంచం మీద కూర్చుని దాని చప్పుడు వినేవారు. అలాంటి మనిషిని ఇంజన్ ఇమ్మని ఎలా అడుగుతారు? నాన్నకు నోరు రాలేదు.

చివరికి ఆయనే వచ్చారు. "లే జా. ఖడే ఖడే బూఢా హో రహా హై బేచారా" అన్నారు. ఊరికే నిలబడి ముసలిదైపోతోంది పాపం, తీసుకుపొమ్మని.

ఉస్తాద్ గొలుసు కప్పీ వేసి ఆ ఇంజన్‌ను పైకి లేపాడు. రెండు బళ్ళూ ఒకే రకమన్నారు గానీ, తీరా చూస్తే ఇంజన్ కూర్చునే పట్టీలు కలవలేదు. కోయడం, అతికించడం, మళ్ళీ కోయడం... ఇంతలో లోపలికి దుమ్ము పోకుండా గొట్టాల మూతుల్లో కుక్కడానికి శుభ్రమైన గుడ్డ కావాలన్నాడు.

ఇక్కడ మా అమ్మ సంగతి చెప్పాలి. పక్కింటికి కూర పంపిన గిన్నె సాయంత్రానికి తిరిగి రాకపోతే ఆవిడకు అన్నం సహించదు. వేడి గిన్నెలు దించుకోవడానికి పాత పూల వాయిల్ చీర చింపి, అంచులు కుట్టి దాచుకున్న మసిగుడ్డలు రెండు తెచ్చింది. "పనయ్యాక నాయి నాకు ఇచ్చెయ్యాల" అని నాన్న దగ్గర మాట తీసుకుని మరీ ఇచ్చింది.

స్టార్ట్ చేసే రోజు... అమ్మ ఇంజన్‌కు పసుపు రాసి బొట్టు పెట్టింది. టైరు కింద నిమ్మకాయ పెట్టింది. నాన్న తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గింది, నల్లటి పొగ కక్కింది, ఆగిపోయింది. మళ్ళీ తిప్పాడు... మళ్ళీ అంతే. నిమ్మకాయ నలగలేదు.

"బహుత్ దిన్ సే ఖడా థా న... ఇంజన్ హీ ఖరాబ్ హోగా" అంటూ, ఇన్నాళ్ళూ నడవని ఆ ఇంజనే పాడై ఉంటుందన్నారెవరో చూడొచ్చిన గుంపులోంచి. సర్దార్జీ అంకుల్ ముఖం ఎర్రబడింది. "మేరే ఇంజన్ మే కోయీ ఖోట్ నహీ హై!" అంటూ, తన ఇంజన్‌లో ఏ లోపమూ లేదని అరిచారు. నాన్న తాళం తీసి జేబులో వేసుకున్నాడు. అంతే, నేను ఏడుపు లంకించుకున్నాను.

సరిగ్గా అప్పుడు మా అమ్మ... "ఏవండీ, నా మసిగుడ్డ ఇంకోటేదీ?"

"బండి చచ్చి కూర్చుంటే మసిగుడ్డల గోలేందే నీకు!" నాన్న కసిరాడు.

అమ్మ తగ్గితేనా! ఉస్తాద్ వైపు తిరిగి, రెండిస్తే ఒకటే ఉందని తనకొచ్చిన హిందీలో అందుకుంది. "భయ్యా, మేరా కపడా కిధర్? దో దియా, ఏక్‌ఈచ్ హై!"

ఉస్తాద్ నవ్వబోయి ఆగిపోయాడు. గబగబా గాలి గొట్టం విప్పాడు. లోపల అడ్డంగా, మా అమ్మ పూల వాయిల్ ముక్క! పాపం, ఇంజన్‌కు ఊపిరాడితేగా...

ఈసారి ఒక్క తిప్పుకే లేచింది. పైన మా గిన్నెలు గలగలమన్నాయి. సర్దార్జీ అంకుల్ రెండు చేతులూ బానెట్ మీద ఆనించి, కళ్ళు మూసుకుని, అందరి ముందూ ఏడ్చేశారు. నేను సందంతా గెంతాను... ఒంగోలు వెళ్ళక్కర్లేదు!

ఆ గుడ్డ మాత్రం నాన్న అమ్మకు ఇవ్వలేదు. "ఇది బండిదే ఇంక" అని స్టీరింగ్ పక్కన అరలో పెట్టేశాడు. అమ్మ ఊరుకుంటుందా? ఏ చిన్న గొడవొచ్చినా, "ముందు నా మసిగుడ్డ నాకియ్యండి" అనేది. ఏళ్ళ తరబడి ఇదే పాట. మేమంతా నవ్వేవాళ్ళం.

తర్వాత... పాత డీజిల్ బళ్ళు ఢిల్లీలో తిరగకూడదన్నారు. గాలి బాగుండాలి కదా, కాదనలేం. సర్దార్జీ అంకుల్ అప్పటికే లేరు. ఇదంతా చూడకుండా పోయారు, ఒకందుకు నయమే అనుకున్నాం. నాన్న బండిని తుక్కుకు అప్పగించి, మెట్రోలో ఇంటికొచ్చాడు. చొక్కా జేబులోంచి ఆ మసిగుడ్డ తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

"ఇదిగోనే... నీ గుడ్డ నీకిచ్చేశా."

అమ్మ దాన్ని మడత విప్పి చూసింది. "ఇప్పుడు నేనడిగానా?" అంది.

ఇవాళ్టికీ ఆ గుడ్డతో ఒక్క గిన్నె దించలేదు.

ఇప్పుడు నోయిడాలో నాకో కారుంది. సర్వీసుకు వాళ్ళే తీసుకెళ్తారు, వాళ్ళే తెచ్చిస్తారు. దాని బానెట్ కింద ఏముందో నేనింతవరకూ చూడనే లేదు. మంచి కారే... కానీ అది స్టార్టయితే మా ఇంట్లో ఒక్క గిన్నె కూడా మోగదు.

మీ ఇంట్లో గిన్నెలు మోగించిన బండి ఏదండీ? కాస్త చెప్పండి... వినాలనుంది.