బెల్టు ముక్కల మనుషులు

ఖమ్మం నుంచి భద్రాచలం పోయే దారిలో, అడవి మొదలయ్యే మలుపు దగ్గర, బొగ్గుబాయిలో పనిచేసి రిటైరైన ఒకాయన ఉంటాడు. బాయిలో బొగ్గును మోసే కన్వేయర్ బెల్టు అరిగిపోతే తుక్కు కింద అమ్మేస్తారు. మందమైన రబ్బరు. ఇక్కడివాళ్లు దాన్ని పశువుల కొట్టంలో పరుచుకుంటారు, గొడ్ల కాళ్లు జారకుండా. ఆయన మాత్రం దాన్ని మనుషులుగా కోస్తాడు. చెప్పులు కుట్టే కత్తితో నిలువెత్తు మనిషిని కోసి, ముక్కూ చెవులూ వేరే ముక్కలతో చేసి తీగతో కుట్టి, సున్నంతో కళ్లు దిద్ది, ఇంటి ముందు కంచె వెంట నిలబెడతాడు. నేను పోయేనాటికి పద్నాలుగు మంది ఉన్నారు. ఆయనకు ఈ పని ఎవరూ నేర్పలేదు. చెయ్యమని ఎవరూ అడగలేదు కూడా.

ఆయన నాకు ఫోన్ చేసింది వేరే కష్టం వచ్చి. మలుపులో ఉన్న చివరి బొమ్మకు లారీ డ్రైవర్లు కొబ్బరికాయలు కొట్టడం మొదలుపెట్టారు. తర్వాత పసుపు వచ్చింది, కుంకుమ వచ్చింది, ఊళ్లో నలుగురు కలిసి కమిటీ అయ్యారు. బొమ్మ చుట్టూ గది కట్టి, గ్రిల్లు పెట్టి తాళం వేస్తామన్నారు.

"ఖమ్మంల మీ మీటింగు విన్న సార్. మీరొచ్చి ఒక్కమాట చెప్పుండ్రి. గది కడితే నన్ను ముట్టనియ్యరు. గాయనకు చెవులు ఇంకా సక్కగ కుదరలే," అన్నాడు.

ఒక్కమాట చెప్పడం నాకు చేతకాదు. దేవుడు లేడని గంటన్నర మాట్లాడటం ముప్పై ఏళ్ల అలవాటు. ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. కమిటీవాళ్లు, ఆడవాళ్లు, ఆగిన ఆటోల్లోని జనం అంతా చుట్టూ నిలబడ్డారు. రబ్బరు ఎట్లా తయారవుతుందో చెప్పాను. భయంలోంచి దేవుడు ఎట్లా పుడతాడో చెప్పాను. ఎదుటివాడి వాదాన్ని వాడికంటే బాగా చెప్పి, అప్పుడు ఖండించాలని నాకు నేర్పారు. కమిటీకి వాదమేమీ లేకపోవడంతో అది కూడా నేనే చెప్పి, నేనే ఖండించాను. చివరకు ఆయన కత్తి తీసుకున్నాను.

"ఇది దేవుడే అయితే నా చెయ్యి పడిపోవాలె," అని బొమ్మ కుడిచేతిని మణికట్టు దగ్గర కోసేశాను.

రబ్బరు గట్టిది, కొంత సేపు పట్టింది. జనం ఓపికగా చూశారు. నా చేతికేమీ కాలేదు. చప్పట్లు కొట్టారు. "రబ్బరే," అని కమిటీ పెద్దమనిషి ఒప్పుకున్నాడు. ఇంత తొందరగా నెగ్గిన సభ నాకు ఇంకొకటి గుర్తులేదు.

బొమ్మలు చేసినాయన వచ్చి, కింద పడ్డ చెయ్యి తీసుకున్నాడు.

"గీయన, నేను కలిసి బొగ్గు నింపినం సార్," అన్నాడు. "దమ్ముతోటి పోయిండు. చేతులకేం కాలే."

అంతలో ఒకామె ముందుకొచ్చింది.

"అన్నా, దేవుడు కాదన్నరు గదా. కొట్టంల మా బర్రెలు జారుతున్నయ్. ఒకటియ్యరాదు?"

"నాకు రెండు," అన్నాడు కమిటీ పెద్దమనిషి.

పక్కన దేవుడున్నాడని ఇన్నాళ్లూ మిగతా పదమూడు బొమ్మలనూ ఎవరూ ముట్టుకోలేదు. నేను పద్నాలుగింటినీ రబ్బరు చేశాను.

"వీటిని ముట్టుకోవద్దు," అన్నాను.

"ఏం? దేవుడా?" అంది ఆమె.

"కాదు."

"మరేంది?"

దానికి నా దగ్గర ఉపన్యాసం లేదు. "ఆయన చేసిండు," అన్నాను.

"మా మంచం గూడ ఒకలు చేసిందే," అంది. వాదనలో తప్పు లేదు.

అప్పుడు ఆయనే మొదటి బొమ్మ భుజం మీద చెయ్యి వేశాడు. "గీయన బాయిల బొగ్గు టబ్బులు తోసెటోడు. కోడిగుడ్డు అన్నం కింద దాసుకునెటోడు, మేం అడుగుతమని."

"సరే, గీయనొద్దు. గా పక్కదియ్యి."

"గాయన పంపు నడిపెటోడు. నవ్వితె దగ్గొచ్చేది."

"అయితే గా పొట్టిది."

"గాడు మా తమ్ముడు."

ఆమె వరుసంతా చూసింది. "అందరు ఎవలో ఒకలేనా?"

"అవ్."

"గట్లని ముందే చెప్పొద్దా," అని విసుక్కుంటూ పోయింది.

కమిటీ పెద్దమనిషి ఇన్నాళ్లూ చివరి బొమ్మ ఒక్కటే చూసి దండం పెట్టిన మనిషి. ఇప్పుడు నడుచుకుంటూ వచ్చి, మధ్యలో ఒకదాని ముందు ఆగాడు.

"గీ ముక్కు మా మామది లెక్కుంది," అన్నాడు.

"మీ మామనే."

రెండు అడిగిన మనిషి ఒక్కటీ తీసుకోకుండా పోయాడు.

నేను ఎక్కాల్సిన బస్సు వెళ్లిపోయింది. ఆయన సూదీ తీగా తెచ్చుకుని, చెయ్యి అతుకుతానని నన్ను పట్టుకొమ్మన్నాడు. తప్పు చేశానని చెప్పాను.

"గట్టిగ పట్టుకోండ్రి సార్, కదులుతుంది," అన్నాడు.

కుట్టడం అయ్యాక రెండడుగులు వెనక్కి జరిగి చూశాను. అతుకు కనబడటం లేదన్నాను.

"కనబడ్తది," అన్నాడు.

మళ్లీ చూశాను. కనబడుతోంది.