తమ్ముడికి వద్దన్న బొంగు చికెన్

మా తమ్ముడు ప్రసాదుకు గుండెలో స్టెంటు వేశాక, మాంసం బాగా తగ్గించమని డాక్టరు చెప్పారు. వాడి కూతురు ఇంకో మాట కలిపింది. "మనకే కాదత్తా, భూమికి కూడా మంచిదే. మేత కోసం అడవులు కొట్టేస్తున్నారు." ఇంట్లో ఉండేది మేం ముగ్గురమే. ఇంటికి పెద్దదాన్ని, వంటిల్లు నా చేతిలోదే. మాంసం ఆదివారమే, అదీ మనిషికి రెండు ముక్కలే అని నేనే తీర్మానించాను. ప్రసాదు నోరెత్తకుండా ఒప్పుకున్నాడు. "ఓసారి అరకు వెళ్లొద్దాం అక్కా, గాలి మారుతుంది" అని మాత్రం అడిగాడు. అలా మేమిద్దరం బయలుదేరాం.

విశాఖలో పొద్దున్న ఏడింటికి ముందే కదిలే కిరండూల్ పాసింజరు ఎక్కాం. వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే లోయంతా కనిపిస్తుంది. సొరంగం వచ్చినప్పుడల్లా బోగీలో పిల్లల కేకలు. పదకొండు దాటాక అరకులో దిగి, సాయంత్రం దాకా తిప్పడానికి పదిహేను వందలకు ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు సోమన్నది దగ్గర్లోని కొండ ఊరే.

కాఫీ తోటల దగ్గర రోడ్డు పక్కన ఒకామె బొంగు చికెన్ కాలుస్తోంది. మసాలా పట్టించిన కోడి ముక్కలను పచ్చి వెదురు బొంగులో కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద పెడతారు. నూనె వేయరు. ప్రసాదు అక్కడే ఆగిపోయాడు.

"అక్కా, నూనె లేదంట. ఒక్క ముక్క."

"ఆదివారం తిన్నావు కదరా."

"బొంగులో తినలేదు కదే!"

సోమన్న నవ్వాడు. నేను నవ్వలేదు. ప్రసాదు అతని వెంట తోట చూడటానికి పైకెక్కాడు. మోకాళ్ల నొప్పి వల్ల నేను బల్ల మీద కూర్చుండిపోయాను.

కాసేపటికి ఆమె ఒక బొంగు దింపి చీల్చింది. ఆ వాసనకు లేచి వెళ్లి, అరకేజీ బొంగు నాకే ఇమ్మన్నాను. ప్రార్థన చేయనిదే మెతుకు ముట్టని మనిషిని. ఆ రోజు చేయలేదు. కళ్లు మూసుకుంటే ఈలోగా వాళ్లు దిగి వస్తారేమోనని, దారి వైపే చూస్తూ తిన్నాను. కాలిన బొంగును పక్కనున్న గుట్టలో పడేశాను. పొద్దుటి నుంచి నరికిన వెదురంతా అక్కడే ఉంది.

ఎముకలున్న ఆకు మడిచే లోపే వాళ్లు వచ్చేశారు.

"అమ్మగోరూ, తమ్ముడుగోరు వొచ్చీసినారు. ఆయనకీ ఓటి దింపమంటారేటి? మీరైతే ఒక్కరే బొంగంతా కాళీ సేసీసినారు!" అంది ఆమె. మెచ్చుకుంటూనే అంది.

ప్రసాదు ఆకు వైపు చూశాడు. కోప్పడినా బాగుండేది.

"బాగుందా అక్కా?" అన్నాడు. నేను ఆకు గబగబా మడిచేశాను. వాడే మళ్లీ, మెల్లగా అన్నాడు. "ఇంటికి ఇప్పటికీ కేజీయే తెస్తున్నాను. నేను తగ్గించింది ఎటు పోతోందా అనుకునేవాణ్ణి."

వడ్డించేది నేను. అందరూ లేచాక వంటింట్లో కూర్చుని తినేదీ నేనే. నా కంచం ఎవరూ చూడరు. మిగిలింది పారేయకూడదని నాకు నేనే చెప్పుకునేదాన్ని. వాడి వాటా తగ్గింది. కూర తగ్గలేదు.

"సాల్లే అప్పా, నీ బేరం నువ్వు సూసుకో" అని సోమన్న ఆమెను కసిరాడు. ఆటో ఎక్కాక మాట మార్చడానికి కాబోలు, తన ఊరి సంగతి ఎత్తుకున్నాడు. "మా ఊల్లో పండక్కి మేకని కొడితే అందరి ఎదటా ఆకులు పరిసి ఇంటికో పోగు ఎడతారండి. పోగులెట్టినోడు ఆకరిది తీసుకోవాల. సాటుమాటు యవ్వారం ఉండదు."

"మళ్లీ మేక ఎప్పుడు?" అన్నాడు ప్రసాదు.

"ఇంకేటి, మళ్లీ పండక్కే! ఆ మద్దిన రోజులన్నీ సోడంబలీ, పప్పూ." రాగి అంబలిని వాళ్లు అలా అంటారు.

తిరుగు ప్రయాణంలో సొరంగం చీకట్లోనే నోరు విప్పగలిగాను. "ఇకనుంచి పోగులు నువ్వే పెట్టరా."

"అరకేజీ చాలక్కా" అన్నాడు వాడు. "నువ్వు కూడా మాతోపాటే కూర్చో."

వచ్చిన ఆదివారం ముగ్గురి కంచాలూ ఒకే బల్ల మీద ఉన్నాయి. ప్రసాదు వడ్డించి, చివరి కంచం తను తీసుకున్నాడు. భోజనం ముందు ప్రార్థన నేనే చేశాను. ఆమెన్ అన్నాక కూడా చాలాసేపు తల ఎత్తలేకపోయాను. ఎంత తినాలో డాక్టరు చెప్పారు, పిల్ల చెప్పింది, నేనూ ఇంటిల్లిపాదికీ చెప్పాను. చెప్పిన లెక్కలో నన్ను కలుపుకోలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు. పోవాలని దేవుణ్ణి అడగడం లేదు కూడా.

అరకు వెళ్లేవారికి ఒక్క సలహా. బొంగు కాలడానికి గంట దాకా పడుతుంది, ముందే చెప్పి తోట చూసి రండి. ముగ్గురికి అరకేజీ బొంగు ఒకటి చాలు. చీల్చగానే అందరి ముందూ ఆకుల్లో పోగులు పెట్టండి. పెట్టినవాళ్లు ఆఖరి ఆకు తీసుకోండి.